ఉప్పు నేల మీద ముసలాయన

మొన్న టిఫిను వేళ మా ఆఫీసులో ఒక మిత్రుడు, "ప్రపంచములో అందరికంటే వేగమైన ఇండియన్ అని ఒక ఇంగ్లీషు చిత్రము వున్నది, చూశారా?" అని అడిగాడు. మేము నలుగురమూ తలా ఒక మాట అన్నాము. ఒకరు మిల్ఖాసింగు గారి కథ అన్నారు. ఒకరు పి. టి. ఉష గారి పేరు చెప్పారు. పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దమనిషి అయితే, "మన మెయిలు బండి మీద తీసినది మాత్రము కాదు గదా!" అన్నాడు. తీరా చూస్తే ఆ చిత్రములో మన దేశమూ లేదు, మన మనిషీ లేడు. ఇండియన్ అనేది ఒక మోటారు సైకిలు పేరు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో 1901లో తయారు కావడము మొదలైన బండి అది. కొలంబసు దారి తప్పి పోయి, చేరినది మన దేశమే అనుకొని, అక్కడి ఆదివాసులకు మన పేరు పెట్టిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ పొరపాటు పేరే నాలుగు వందల యేండ్ల తరువాత ఒక మోటారు సైకిలుకు వచ్చినది. స్ప్రింగ్‌ఫీల్డు కర్మాగారము 1953లో మూతబడ్డది గాని, పేరు చేతులు మారుతూ వచ్చి, ఆ పేరుతో ఇప్పటికీ బండ్లు వస్తున్నాయి.

చిత్రము 2005లో విడుదలైనది. దర్శకుడు రోజర్ డొనాల్డ్‌సన్. ముఖ్య వేషము ఆంథొనీ హాప్కిన్స్ గారిది. ఈయన పేరు చెబితే చాలామందికి 1991 నాటి చిత్రములో మనుషులను తినే డాక్టరు వేషము గుర్తుకు వచ్చి ఒళ్ళు జలదరిస్తుంది. ఇక్కడ ఆయన ఎవరికీ హాని చేయడు. పొరుగువారి నిద్రకు తప్ప.

మా మేనల్లుడు ఒక శనివారము రాత్రి తన కంప్యూటరు తెచ్చి మా యింటి హాలులో బల్ల మీద పెట్టాడు. ఇంటిల్లపాదీ కూర్చున్నాము. మా నాయనగారికి డెబ్బది దాటినవి. న్యూజీలాండు వారి ఇంగ్లీషు మాకే సగము అందదు. క్రింద పడే అక్షరములు చదివి ఆయనకు తెలుగులో చెబుతూ చూడవలసివచ్చినది. అందుచేత రెండు గంటల ఏడు నిమిషముల చిత్రము మా యింట్లో మూడు గంటలు నడిచినది.

కథ ఇన్వర్‌కార్గిల్ అనే ఊళ్ళో మొదలౌతుంది. న్యూజీలాండు దక్షిణపు దీవికి ఇంచుమించు కొట్టకొన మీద వున్న పట్టణము. అక్కడ బర్ట్ మన్రో అనే ముసలాయన ఒక రేకుల షెడ్డులో ఒంటరిగా కాపురము వుంటాడు. పడక అక్కడే, టీ కాచుకొనడము అక్కడే, మోటారు సైకిలు విప్పడమూ బిగించడమూ అక్కడే. ప్రొద్దున లేచి నిమ్మచెట్టు మొదట్లో లఘుశంక తీర్చుకుంటాడు. చెట్టుకు బలమని ఆయన నమ్మకము. తెల్లవారకముందే ఇంజను మోత పెడతాడు. గడ్డి మోకాలి ఎత్తు పెరిగినదని పొరుగువారు గొడవపడితే, కొడవలి పట్టుకోడు. పెట్రోలు చల్లి అంటించి, ఫైరింజను వచ్చేదాకా తెచ్చుకుంటాడు. అయినా పక్కింటి కుర్రవాడు తల్లిదండ్రుల కన్ను గప్పి ఆయన దగ్గరికే పోతాడు. ఇలాంటి తాతలు మన వీధులలోనూ వుంటారు. పిల్లలు వీరిని వదలరు, పెద్దలు వీరిని భరించలేరు.

ఆ షెడ్డులో ఒక బీరువా అర వున్నది. దాని నిండా పగిలిన పిస్టన్లు, వంగిన కడ్డీలు, మాడిపోయిన సామాను. అర మీద వ్రాసిపెట్టిన మాటకు తెలుగు చెప్పవలెనంటే, వేగ దేవునికి నైవేద్యములు అని చెప్పవలె. ఇది సినిమావారి కల్పన కాదు. నిజమైన మన్రో గారి షెడ్డులోనూ ఆ అర వుండేది. ఆయన బ్రతికి వుండగానే ఇదే డొనాల్డ్‌సన్ గారు ఆయన మీద టెలివిజనుకు ఒక చిన్న వార్తాచిత్రము తీశారు. దానికి పెట్టిన పేరు కూడా ఆ నైవేద్యముల మాటే. ముప్పది యేండ్లకు పైగా ఆ ముసలాయనను మనసులో పెట్టుకొని దర్శకుడు మళ్ళీ పెద్ద చిత్రము తీశాడన్నమాట.

ముసలాయన కోరిక ఒక్కటే. అమెరికాలో యూటా రాష్ట్రములో బానవిల్ అనే ఉప్పు మైదానము వున్నది. పూర్వ యుగములో అక్కడ ఒక మహా సరస్సు వుండి, ఎండిపోయి, ఉప్పు మిగిలినది. అద్దము వలె చదునుగా మైళ్ళకొద్దీ పరచుకొన్న తెల్లని నేల. చెట్టు లేదు, మలుపు లేదు, అడ్డు వచ్చే గేదె లేదు. ప్రతి ఆగస్టులో ప్రపంచపు వేగ పిచ్చివాళ్ళందరూ అక్కడ చేరుతారు. అక్కడ ఒక్కసారి తన బండిని కట్టు విప్పి వదలవలెననేది ఆయన పట్టు. చేతిలో డబ్బు లేదు. ఇంతలో గుండె నొప్పి వస్తుంది. ఇక బండి ఎక్కరాదని డాక్టరు చెబుతాడు. ఆ మాట వినగానే ఆయన ప్రయాణము వాయిదా వేయడు, తొందర చేస్తాడు.

ఇక్కడ మా హాలులో కొంచెము నిశ్శబ్దము ఏర్పడినదని ఒప్పుకోవలె. రెండేండ్ల క్రితము గుండె చికిత్స జరిగినది మొదలు మా నాయనగారి రాజ్‌దూత్ బండి పంచలో గోనెపట్టా క్రింద వున్నది. తాళము చెవి మా బీరువాలో వున్నది. డాక్టరు మాట తెలుగు చేసి చెప్పవలసినవారము మేమే కనుక చెప్పాము. నాయనగారు "ఊఁ" అన్నారు, అంతే.

తరువాత కథ వేగముగా నడుస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టి, సరుకుల ఓడలో వంటవాడుగా కుదిరి, ముసలాయన సముద్రము దాటుతాడు. లాస్ ఏంజిలిస్‌లో ఒక పాత కారు కొని, బండిని లాగడానికి ఒక చిన్న ట్రెయిలరు తానే చేసుకొని, ఎడారి మీదుగా యూటాకు పోతాడు. దారి పొడుగునా పరాయి మనుషులే. బసలో గుమాస్తా, పాత కార్ల వర్తకుడు, ఒక ఆదివాసి వృద్ధుడు, ఒక వితంతువు, వియత్నాము నుంచి సెలవు మీద వచ్చిన యువకుడు. అందరూ ఆయనను ఆదుకొనేవారే. లోకములో ఇంతమంది మంచివాళ్ళు ఒకే రోడ్డు మీద వుంటారా అని మా బావమరిది ఎగతాళి చేశాడు. మాకూ మధ్య భాగము కొంచెము చక్కెర ఎక్కువైన పాయసము వలె తోచినది. కాని హాప్కిన్స్ గారు ఆ ముసలాయనను జాలిపడదగిన మనిషిగా చూపించలేదు. అడగడానికి సిగ్గుపడడు, ఇచ్చినదానికి పొంగిపోడు. తాను చెప్పే సంగతి ఎదుటివాడికి ఇష్టమా కాదా అని కూడా ఆలోచించడు.

చిత్రములో మేము మళ్ళీ వెనక్కు తిప్పి చూసిన ఘట్టము ఒక్కటే. ఉప్పు మైదానములో అధికారులు బండిని పరీక్ష చేసే ఘట్టము. ముందు పేరు నమోదు చేసుకోవలెనని ఆయనకు తెలియదు. పదకొండు వేల కిలోమీటర్లు వచ్చి నిలబడితే, పేరు లేదు పొమ్మంటారు. జాలిపడి ఒకరిద్దరు పరీక్షకు ఒప్పిస్తారు. అధికారి వంగి చూస్తాడు. బండిని ఆపే పారాచూట్ ఏదీ? లేదు. బ్రేకులు? వున్నాయి గాని వున్నట్టు కాదు. టైర్ల పగుళ్ళు బూటు పాలిషుతో పూడ్చి వున్నాయి. పెట్రోలు తొట్టికి బిరడా బ్రాందీ సీసాది. చుట్టూ చేరిన కుర్రవాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు దుష్టత్వముతో నవ్వినది కాదు. వాళ్ళ బండ్లు లక్షల ఖరీదువి, ఈయనది చెత్తబండి మీద నుంచి దించినట్టు వున్నది. ముప్పది యేండ్లు బల్ల ముందు కూర్చుని ఫారాలు తిప్పిపంపే ఉద్యోగములో వున్నవారికి ఆ అధికారి కూడా అర్థమౌతాడు. అతడు చేసినది తప్పు కాదు. ఆ బండి మీద మనిషి చస్తే సంతకము పెట్టినవాడే జవాబు చెప్పవలె. మేమైనా "కుదరదు" అనే వ్రాసి వుండేవారము. ఇది మేము గర్వముగా చెప్పుకొనే సంగతి కాదు.

ఇంతకూ ఆ బండి మాట చెప్పలేదు. హెర్బర్ట్ జేమ్స్ మన్రో గారు 1899లో పుట్టారు. 1920లో కొత్తగా ఒక ఇండియన్ స్కౌట్ కొన్నారు. 600 సి.సి. ఇంజను, రెండు సిలిండర్లు. గంటకు 55 మైళ్ళు, అనగా 88 కిలోమీటర్లు పోయే బండి. 1926 నుంచి దానిని మార్చడము మొదలుపెట్టారు. పగలు మోటారు సైకిళ్ళు అమ్మే పని, బాగుచేసే పని. రాత్రి ఈ పని. పిస్టన్లు పాత డబ్బాలలో తానే పోతపోసుకొనేవారు. కనెక్టింగు రాడ్లు ట్రాక్టరు ఇరుసు ఉక్కుతో చెక్కుకొన్నారు. సన్నపు కొలతలకు మైక్రోమీటరు వాడవలసినచోట ఒక పాత చక్రపు స్పోకు పుల్ల వాడేవారు. సిలిండర్లు, కామ్‌లు, ఫ్లైవీలు, తేలులేపనపు ఏర్పాటు కూడా, ఒక్కొక్కటే ఆయన చేతిలో మారినవి. చివరకు ఇంజను 950 సి.సి. దాకా పెరిగినది. అసలు ఇంజనులో వాల్వులు సిలిండరు పక్కన వుండేవి. ఆయన వాటిని తల మీదికి తెచ్చారు. ఈ పనులు పెద్ద కర్మాగారములలో ఇంజనీర్లు చేసేవి. మన్రో గారు పొలము పనులలో పెరిగిన మనిషి.

మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. అతడు ఒక లెక్క చెప్పాడు. ఎక్కువ వేగములో బండికి అసలు శత్రువు గాలి. గాలి ఎదురును చీల్చుకొని వేగము రెట్టింపు చేయవలెనంటే ఇంజను శక్తి రెండు రెట్లు చాలదు, ఎనిమిది రెట్లు కావలె. మూడు రెట్లు వేగానికి ఇరువది యేడు రెట్లు. అందుకే బండికి చేప ఆకారములో ఒక డొల్ల తొడుగుతారు. నడిపేవాడు కూర్చోడు. డొల్ల లోపల బోర్లపడుకొని, గడ్డము తొట్టికి ఆనించి, ముందు చక్రము మీదుగా చూస్తాడు. కాలి పక్కనే పొగగొట్టము. చిత్రములో ముసలాయన కాలు దానికి ఆనుకొని కాలిపోతుంది, పరుగు ఆపడు. ఆ తొందరలో ఆపడానికి బ్రేకు లేదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు పెట్టుకోవలె.

ఇక నిజములో జరిగినది. మన్రో గారు బానవిల్‌కు ఒక్కసారి కాదు, అనేక సార్లు వెళ్ళారు. 1962లో, అరువది మూడో యేట, 883 సి.సి. తరగతిలో గంటకు దాదాపు 179 మైళ్ళ వేగము నమోదు చేసుకొన్నారు. 1966లో వేరొక తరగతిలో 168 మైళ్ళు. 1967లో, అరువది యెనిమిదో యేట, 1000 సి.సి. లోపు తరగతిలో 183.586 మైళ్ళు. ఆ యేడే అర్హత పరుగులో ఒక దిక్కున 190.07 మైళ్ళు పోయినాడు. రికార్డు వేరు, ఒక దిక్కు పరుగు వేరు. రికార్డుకు కొలత మైలు మీద అటు ఒకసారి, ఇటు ఒకసారి, నిర్ణీత కాలము లోపల పరుగెత్తి, సగటు తీస్తారు. గాలి వాలు ఒకవైపు సాయము చేస్తే రెండోవైపు ఎదురు నిలుస్తుంది కనుక ఇది న్యాయమైన పద్ధతి.

చిత్రములో అయితే మొదటి ప్రయాణములోనే 201 మైళ్ళు దాటినట్టు చూపించారు. సినిమాలకు ఇది వాడుకే. మాకు దీనిమీద పెద్ద ఫిర్యాదు లేదు. ఒకే ఆగస్టులో అన్నీ తేలిపోకుండా, పది యేండ్లు ఏటేటా ఆ ఓడ ప్రయాణము, ఆ బీదతనము, ఆ విరిగిన సామాను చూపించివుంటే ఇంకా బాగుండేదని మాత్రము తోచినది. ఒకసారి గెలిచినవాడికంటే, గెలిచిన తరువాత ఇంటికి వచ్చి మళ్ళీ ఇంజను విప్పినవాడు మాకు ఎక్కువ ఆశ్చర్యము కలిగిస్తాడు.

మాటలో మాట, ఆ ఉప్పు నేల మీద విడ్డూరములు చాలా జరిగినవి. రోలీ ఫ్రీ అనే అమెరికను 1948లో, చొక్కా గాలికి కొట్టుకొని వేగము తగ్గుతున్నదని, ఈత లాగు తప్ప అన్నీ విప్పి, విన్సెంట్ మోటారు సైకిలు మీద బల్లి వలె బోర్లపడుకొని గంటకు 150 మైళ్ళు దాటాడు. ఆ ఫోటో లోకమంతా తిరిగినది. ఈయన తరువాత మన్రో గారికి స్నేహితుడైనాడు. ఉప్పు మీద బోర్లపడి జారితే ఒంటి తోలు ఏమౌతుందో ఇద్దరికీ తెలుసు.

అసలు తగాదా చిత్రము అయిపోయిన తరువాత మా యింట్లో మొదలైనది. "ఆయనకు పెండ్లాము పిల్లలు లేరా?" అని మా యింటావిడ అడిగినది. చిత్రము చూస్తే లేనట్టే వుంటుంది. మేము తరువాత వెదికి తెలుసుకొన్నాము. వున్నారు. 1927లో పెండ్లి అయినది. నలుగురు పిల్లలు. 1940ల చివరకు భార్యాభర్తలు విడిపోయారు. ఆయన ఉద్యోగము మానుకొని ఆ షెడ్డులో చేరారు. చిత్రములో మనకు అంత ముచ్చటగా కనిపించే ఆ ఒంటరి షెడ్డు ఒక సంసారము చెదిరిన తరువాత వచ్చినదన్నమాట.

"పిల్లలు నలుగురు వుండగా రాత్రిళ్ళు ఇనుము కరిగించుకుంటూ కూర్చున్న మనిషికి చప్పట్లు కొట్టమంటారా?" అని మా యింటావిడ వాదము. మా బావమరిది, "అక్కయ్యా, అటువంటివాళ్ళు లేకపోతే లోకము నడవదు" అన్నాడు. "నడుస్తుంది, కొంచెము మెల్లిగా నడుస్తుంది" అన్నది ఆవిడ. మా ఉద్దేశము అడిగితే, ఆ కుటుంబములో ఎవరు ఎవరికి ఏమి బాకీ పడ్డారో బయటివారికి తెలియదు, చెప్పడము తగదు. కాని చిత్రము తీసినవారు ఆ నలుగురు పిల్లలను ఒక్కసారి గుమ్మములో నిలబెట్టి చూపించి వుంటే, మనము ముసలాయనను తక్కువ ప్రేమించము, ఎక్కువ తెలుసుకుంటాము. హాయిగా కళ్ళు తుడుచుకొని లేచే చిత్రము కావలెనని దానిని కొట్టివేసినట్టున్నారు.

అయితే ఆ పిల్లలలో ఒకరి సంగతి తరువాత మాకు తెలిసి, మా వంటి గుమాస్తాలకు కడుపు నిండినది. మన్రో గారు 1978 జనవరిలో కాలము చేశారు. 1967 నాటి ఆయన రికార్డు 183.586 మైళ్ళు అని పుస్తకములలో వుండిపోయినది. ఆయన కొడుకు జాన్ పాత కాగితములు చూస్తుండగా సగటు లెక్కలో తప్పు కనిపించినది. రెండు పరుగుల వేగములు సరిగా వేసి సగము చేస్తే వచ్చేది 184.087. అమెరికను మోటారు సైకిలు సంఘమువారు పరిశీలించి, తప్పు తమదేనని ఒప్పుకొని, 2014లో రికార్డును సవరించారు. తండ్రి పోయిన ముప్పది ఆరేండ్లకు గంటకు అర మైలు వేగము పెరిగినదన్నమాట. నలభై ఏడేండ్లు ఆ కూడిక ఎవరూ తిరిగి వేసి చూడలేదు. లెడ్జరులో ఒక్క పైసా తేడా వస్తే రాత్రి పది గంటల దాకా కూర్చున్న అనుభవము వున్నవారికి ఆ కొడుకు వేసిన కూడిక విలువ తెలుస్తుంది.

బండి ఇన్వర్‌కార్గిల్‌లోనే వున్నది. మ్యూజియము అని పేరు పెట్టిన మేడలో కాదు, హేస్ వారి ఇనుప సామాన్ల దుకాణములో. మేకులు, సుత్తులు, పెయింటు డబ్బాలు కొనడానికి వచ్చినవారు దానినీ చూసిపోతారు. మన్రో గారి పేరిట ఆ ఊళ్ళో 2006 నుంచి మోటారు సైకిలు పందెములు జరుగుతున్నాయి. ఆయన యౌవనములో పరుగెత్తిన ఒరెటి సముద్రతీరపు ఇసుక మీద కూడా పందెము వున్నది.

చిత్రము పిల్లలతో కలిసి చూడవచ్చును. ఒకటి రెండు చోట్ల పెద్దవాళ్ళ సంగతులు వస్తాయి, అవి వచ్చినంత త్వరగా పోతాయి. ఇంగ్లీషు అక్షరములు చదివి చెప్పేవారు ఒకరు దగ్గర వుంటే ముసలివాళ్ళు కూడా చూడగలరు.

కొడుకు లెక్క సరిచేసిన సంగతి మా నాయనగారికి మరునాడు ఉదయము కాఫీ వేళ చెప్పాము. ఆయన రెండుసార్లు అడిగి చెప్పించుకొన్నారు. తరువాత పంచలోకి పోయి, రాజ్‌దూత్ మీది గోనెపట్టా తీసి, ప్లగ్గు ఊడదీసి, ఉప్పుకాగితముతో రుద్దుతూ చాలాసేపు కూర్చున్నారు. తాళము చెవి ఆయన అడగలేదు. మేమూ ఇవ్వలేదు. సాయంత్రము బజారుకు పోయినప్పుడు కొత్త ప్లగ్గు ఒకటి కొని తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాము.